అండమాన్ బాటలో కాఫీ మజిలీలు

ఎల్.టి.సి.పై అండమాన్ దీవులకు వెళ్ళివచ్చిన మిత్రులు సెల్యులార్ జైలును గురించి, రాధానగర్ సముద్రతీరాన్ని గురించి తప్పక చెబుతారు. తెల్లవారి కాఫీ ఎక్కడ త్రాగినదీ మాత్రం చెప్పరు. కాఫీప్రియులమైన మా వంటివారికి అదే మొదటి ప్రశ్న.

దానికి సమాధానం ముందుగా గడియారంలో వెదకాలి. మన దేశ కాలమానం 82½ డిగ్రీల రేఖాంశాన్ని అనుసరించి నడుస్తుండగా, పోర్ట్ బ్లెయిర్ (2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయపురం) 92¾ డిగ్రీల వద్ద ఉన్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు అచ్చట 40 నిమిషాలకు పైగా ముందు ఉంటాడు. వేసవిలో ఐదింటికే వెలుగు వస్తుంది. ఏడింటికి లేచి కాఫీ కోరేవారికి సగం ఉదయం గడిచిపోయినట్లే.

రెండవది పాల సంగతి. సరుకులలో అధికభాగం చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుండి వెయ్యి కిలోమీటర్లకు పైబడిన సముద్రం దాటి రావాలి. తాజా పాలు కొరత కావున పాలపొడితో సరిపెట్టుకొనే దుకాణాలు అనేకం. ఇందులో చిన్నచూపు అనవసరం. పొడిని మరిగే నీటిలో గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. గోరువెచ్చని నీటిలో కలిపి, పిమ్మట కాచి, చిక్కని డికాక్షన్ పోస్తే రుచికి లోటుండదు. ఈ పద్ధతి తెలిసిన దుకాణదారుని వెదకి పట్టుకోవడమే ప్రయాణికుని నేర్పు.

పట్టణంలో ఆ వెదుకులాట కష్టం కాదు. అబర్డీన్ బజారులోని అన్నపూర్ణలో దోసె, కాఫీ దొరుకుతాయి. మాకు మాత్రం చేపల రేవు ఉన్న జంగ్లీఘాట్ ఎక్కువ ఇష్టం. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. "ఏటి బాబూ, ఎప్పుడొచ్చినారు?" అన్న పలకరింపు టీ గ్లాసుతోపాటే చేతికి అందుతుంది.

ఇక అసలైన మజిలీ జిర్కాటాంగ్. బారాటాంగ్ సున్నపురాతి గుహలకు పోయే వాహనాలన్నీ ఈ చెక్‌పోస్టు వద్ద ఆగి, కాన్వాయ్‌గా కదలాలి. మొదటి కాన్వాయ్ అందుకోవడానికి చీకటితోనే పట్టణం విడిచిన జనం, పత్రాల తనిఖీ ముగిసేవరకు, ఇడ్లీ, వడ, వేడి టీల చుట్టూ మూగుతారు. కొంగు కప్పుకొన్న బామ్మలు, నిద్రమత్తులోని పిల్లలు, డ్రైవర్ల హాస్యాలు: ఇంత కలివిడితనం పెద్ద హోటళ్ళలో కానరాదు.

అయితే ఆ గేటు దాటిన తరువాత జారవాల అరణ్యం. వారి సంఖ్య కొన్ని వందలు మాత్రమే. 1998 ప్రాంతంలో వారు స్వయంగా అడవి వెలుపలికి రాసాగారు. మరుసటి సంవత్సరమే తట్టు వ్యాధి వారిలో వ్యాపించింది. వారి రక్షణ కొరకు రిజర్వులోని రహదారి భాగాన్ని మూసివేయవలెనని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినను కాన్వాయ్‌లు నడుస్తూనే ఉన్నాయి. ప్రయాణికులు విసిరిన బిస్కట్లు, అరటిపండ్లు ఆ జనులను రోడ్డు ప్రక్కన చేతులు చాచేటట్లు చేశాయి. 2012లో వెలువడిన వీడియో దృశ్యాలు దేశమంతటా దుమారం లేపాయి. మార్గమధ్యంలో ఆగరాదు, ఫోటో తీయరాదు, తినుబండారాలు ఇవ్వరాదు. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. వడల పొట్లం జిర్కాటాంగ్‌లోనే ముగించి, మిగిలినది సంచిలో పెట్టి కట్టివేయమని పిల్లలకు ముందే చెప్పడం మేలు. జాలిపడి కిటికీలోంచి ఇచ్చే చేయి పెద్దలదే తరచు!

అడవి దాటగానే మిడిల్ స్ట్రెయిట్. బస్సులు, కార్లు, మనుషులు ఒకే ఫెర్రీపై ఎక్కి ఆవలి ఒడ్డున నీలంబూర్ జెట్టీలో దిగుతారు. అచ్చట మరొక గ్లాసు టీ, కొబ్బరి నీరు, మడ అడవుల గాలి. గుహలకు పడవ అక్కడి నుండే. తిరుగు కాన్వాయ్‌లలో ఆఖరిది మధ్యాహ్నమే కదులుతుంది కావున, ఆనాటి వేళను డ్రైవరును అడిగి తెలుసుకొన్న పిదపనే రెండవ గ్లాసు చెప్పండి.