“అక్కడ మనలాంటోళ్లు ఉంటారా?”

నర్సు ఉద్యోగానికి లండన్ బయల్దేరిన రోజు, లింగసుగూరు బస్టాండులో మా నాన్న ఒక్కటే అడిగాడు: “అమ్మా, అక్కడ మనలాంటోళ్లు ఉంటారా?” నాన్న ముప్పై ఏళ్లు జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు మోశాడు. అమ్మ ఇప్పటికీ మిల్లులోనే పత్తి ఏరుతోంది. రాజుగారి ఊళ్లో మనలాంటోళ్లు ఎందుకుంటారులే అనుకుని ఊరుకున్నాను. 2024 జులైలో ఓ ఆదివారం, కాళ్లు పీకేదాకా నడిస్తే జవాబు దొరికింది.

మేం ముగ్గురం. సింధనూరు దగ్గర క్యాంపులో పుట్టిన అక్క, ఖమ్మం అమ్మాయి, నేను. అద్దెకుండేది లండన్ తూర్పు వైపు ఈస్ట్ హామ్‌లో. దోసె హోటళ్లు, చీరల కొట్లు, కరివేపాకు, గోంగూర అన్నీ ఉన్న పేట. తెలుగు మాట చెవిన పడకుండా అక్కడ బజారు దాటలేం. ఆ రోజు అక్క బస్సు వద్దంది. అప్పట్లో టికెట్టు 1.75 పౌన్లు, మన డబ్బులో దాదాపు 190 రూపాయలు. “థేమ్స్ ఒడ్డున టవర్ కోట దాకా పది పన్నెండు కిలోమీటర్లే. పొలానికి పోయినట్టు పోదాం పదండి” అంది. పులిహోర డబ్బాలు సంచిలో వేసుకుని బయల్దేరాం.

స్ట్రాట్‌ఫర్డ్ దాటి బో అనే పేటకొచ్చేసరికి ఎర్ర ఇటుకల పెద్ద కట్టడం కనిపించింది. ఇప్పుడందులో అపార్టుమెంట్లు. ఒకప్పుడు అది బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ. గోడ మీద 2022లో పెట్టిన నీలం పలక ఉంది. 1888 జులైలో ఇక్కడ దాదాపు 1,400 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు సమ్మె చేశారు. పనిలో మాట్లాడితే జరిమానా, కాళ్లు మురికిగా ఉంటే జరిమానా. తెల్ల భాస్వరం మధ్యే అన్నం తినాలి. ఆ విషం తగిలి దవడ ఎముక కుళ్లిపోయేది. ఈ సంగతులన్నీ పత్రికలో రాసింది ఎవరనుకున్నారు? మన మదనపల్లె కాలేజీకి పేరున్న అనిబిసెంటే. ఆ తర్వాత ఒక పనామెను తీసేస్తే అందరూ బయటికొచ్చేశారు. రెండు వారాల్లో గెలిచారు. జరిమానాలు పోయాయి. తిండి తినడానికి వేరే చోటు ఇస్తామని యజమానులు ఒప్పుకున్నారు.

ఆ గోడ పక్కనే పులిహోర డబ్బా మూత తీశాను. ముద్ద నోట్లో పెట్టుకోబోతే అమ్మ గుర్తొచ్చింది. రొట్టె మీద వాలిన దూది నూగు ఊదుకుంటూ తినే మా అమ్మ.

అక్కణ్ణించి మైల్ ఎండ్ మీదుగా వైట్‌చాపెల్ చేరాం. రైలు స్టేషన్ పేరు బెంగాలీలో కూడా రాసి ఉంది. దగ్గర్లోనే అల్తాబ్ అలీ పార్కు. అల్తాబ్ అలీ బట్టల పనిచేసే బంగ్లాదేశ్ కుర్రాడు. 1978 మే 4న పని ముగించుకుని ఇంటికి పోతుంటే జాతి ద్వేషంతో పొడిచి చంపారు. పది రోజులకు వేలాదిమంది శవపేటిక వెంట ప్రధానమంత్రి ఇంటిదాకా నడిచారు. కాసేపు ఎవరం మాట్లాడుకోలేదు.

పక్కనే బ్రిక్ లేన్. ఆదివారం సంత కదా, తిరునాళ్లలా ఉంది. పాత బట్టలు, పాటలు, కూరల వాసన. అక్కడో కట్టడం 1743లో ఫ్రాన్సు నుంచి పారిపోయి వచ్చినవాళ్ల చర్చి, 1898లో యూదుల ప్రార్థనాలయం, 1976 నుంచి మసీదు. ఆ ఫ్రాన్సు వాళ్లలో చాలామంది పట్టు నేతగాళ్లు. మగ్గానికి వెలుతురు కోసం పై అంతస్తుకు పెట్టుకున్న వెడల్పాటి కిటికీలు చుట్టుపక్కల సందుల్లో ఇంకా ఉన్నాయి.

సాయంత్రానికి టవర్ చేరాం. కోటను అందరూ ఫోటో తీస్తున్నారు. నేను నాన్నకి ఫోన్ చేశాను. “నాన్నా, ఉన్నారు. నేతగాళ్లు, కుట్టుపనివాళ్లు, అగ్గిపెట్టెల ఆడవాళ్లు. ఈ ఊరు కట్టింది మనలాంటోళ్లే” అన్నాను. దగ్గు ఆపుకుంటూ నాన్న నవ్వాడు.

మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అమ్మకి సద్ది తీసుకుని మిల్లుకెళ్లాను. చెట్టు కింద తింటున్న అత్తలకీ పిన్నులకీ ఈ కథంతా చెప్పాను. 150 మందికి మించి పనిచేసేచోట భోజనం గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేదని కూడా చెప్పాను. “మేం నలభై మందిమే కదే” అందో పిన్ని. “నలభై మందికీ నోరుంది కదా” అంది మా అమ్మ.

మర్నాడు అందరూ కలిసి మేస్త్రీని అడిగారు, ఖాళీగా ఉన్న పాత గోదాము మూల ఒకటి శుభ్రం చేయించి ఇమ్మని. “చూద్దాం” అన్నాడట. నేను లండన్ తిరిగొచ్చేశాను. ప్రతి ఆదివారం ఫోన్లో అమ్మని మొదట అడిగేది అదే: మూల ఇచ్చారా?