ఎక్కకుండా దిగే కొండ

స్వీడన్ ఉత్తర కొసన, సరిగ్గా నార్వే సరిహద్దు దగ్గర, రిక్స్‌గ్రాన్సెన్ అనే చిన్న ఊరుంది. ఆర్కిటిక్ వలయం దాటి ఇంకో 200 కిలోమీటర్లు పైకి పోతే వస్తుంది. కిరునా గనుల ఇనుప ఖనిజాన్ని నార్వేలోని నార్విక్ రేవుకు చేర్చే రైలు మార్గం 1903లో ప్రారంభమైంది. ఆ దారిలో స్వీడన్ వైపు ఆఖరి స్టేషన్ ఇదే. చుట్టూ చెట్టూ చేమా లేని తెల్లటి కొండలు. డిసెంబరులో ఇక్కడ సూర్యుడు పొడవడు. మార్చికల్లా వెలుగు తిరిగొస్తుంది. ఏప్రిల్ నెలాఖరుకు రాత్రి పదింటికి కూడా బయట దారి కనిపిస్తుంది. ఆ రోజుల్లోనే ఈ కొండల మీద హెలికాప్టర్ల చప్పుడు జోరందుకుంటుంది.

వాటిలో వచ్చేవాళ్ళు హెలీస్కీయింగ్ కోసం వస్తారు. నలుగురైదుగురు స్కీయర్లు, వాళ్ళకొక గైడు. హెలికాప్టర్ వాళ్ళను శిఖరం మీద దించి వెళ్ళిపోతుంది. అంతకుముందు ఎవరూ తొక్కని మంచు మీద వాళ్ళు స్కీలతో జారుకుంటూ లోయలోకి దిగుతారు. అక్కడ మళ్ళీ హెలికాప్టర్ ఎక్కి ఇంకో శిఖరానికి పోతారు. రోజు బాగుంటే ఇలా ఎన్నోసార్లు. ఆస్ట్రియాలో పుట్టి కెనడాలో స్థిరపడిన పర్వత గైడు హాన్స్ గ్మోసర్ 1965లో బుగాబూ పర్వతాల్లో దీన్ని ఒక వ్యాపారంగా నిలబెట్టాడు. అక్కడి నుంచి అలాస్కా, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్, మన గుల్మార్గ్ దాకా పాకింది.

కొండ ఎక్కి దిగే స్కీయర్లు వేరే ఉన్నారు. వాళ్ళు స్కీల అడుగున నూగుపట్టీలు అంటించుకుని గంటల తరబడి నడిచి ఎక్కుతారు. ఆ గంటలన్నీ వాళ్ళు మంచును చదువుతూనే ఉంటారు. చేతికర్ర గుచ్చితే ఎక్కడ గట్టిగా తగిలింది, ఎక్కడ గుల్లగా దిగిపోయింది? గాలి ఏ వైపు మంచును ఎత్తుకొచ్చి ఏ వాలు మీద పోసింది? ఒక్కోసారి అడుగు వెయ్యగానే లోపలెక్కడో ధబ్బుమని కుంగిన చప్పుడు వినిపిస్తుంది. అనుభవమున్నవాళ్ళు ఆ చప్పుడు విన్నాక ఇంకో అడుగు పైకి వెయ్యరు. హెలికాప్టర్ ఈ గంటల్ని కొద్ది నిమిషాలకు కుదించేస్తుంది. శిఖరం మీద దిగిన మనిషికి కాళ్ళ నొప్పులు ఉండవు, కాళ్ళ కింద ఏముందో కూడా తెలియదు. హెలీస్కీయింగ్ వెనక ఉన్న శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఈ లోటును పూడ్చుకునే భాగమే.

కాళ్ళ కింద ఉండేది ఒకే మంచు కాదు. నవంబరు నుంచి కురిసిన ప్రతి తుపానూ ఒక పొర పరిచి పోతుంది. పరిచాక ఆ పొర అలాగే ఉండిపోదు, లోలోపల మారుతూనే ఉంటుంది. నేల వేడి వల్ల మంచు అడుగున ఉష్ణోగ్రత సున్నాకు దగ్గర్లో ఉంటుంది. పైన గాలి మైనస్ 20, మైనస్ 25 డిగ్రీలు. ఆ తేడా వల్ల అడుగు పొరలోని మంచు నేరుగా ఆవిరై, రేణువుల సందుల్లోంచి పైకి పాకి, చల్లగా ఉన్న పై రేణువుల అడుగు భాగాన మళ్ళీ గడ్డకడుతుంది. ఈ ప్రయాణం ఎంత జోరుగా సాగుతుందనేది మంచు మందాన్ని బట్టి ఉంటుంది. మీటరుకు 10 డిగ్రీల తేడా అన్నది నిపుణులు పెట్టుకున్న గీటురాయి. మంచు మూడు మీటర్ల మందం ఉండి, పైన మైనస్ 15 ఉంటే మీటరుకు 5 డిగ్రీలే పడుతుంది. అప్పుడు రేణువులు గుండ్రబడి, ఒకదానికొకటి అతుక్కుని, పొర బలపడుతుంది. అదే చలిలో మంచు 80 సెంటీమీటర్లే ఉంటే తేడా మీటరుకు దాదాపు 19 డిగ్రీలు. అప్పుడు రేణువులు పదును అంచులతో, పలకలు పలకలుగా పెరుగుతాయి. వాటికి పెద్దగా అతుకు ఉండదు. పిడికిట్లో పట్టి నొక్కినా ముద్ద కాకుండా వేళ్ళ సందుల్లోంచి రాలిపోతాయి. కొత్త మంచంతా కూర్చునేది ఈ పట్టులేని పునాది మీదే.

రిక్స్‌గ్రాన్సెన్ చుట్టుపక్కల ఈ లెక్కకు ఇంకో చిక్కు కలుస్తుంది. నార్వే సముద్రం మీదుగా వచ్చే తేమగాలి సరిహద్దు కొండలకు తగిలి అక్కడే మంచంతా కుమ్మరిస్తుంది. తూర్పుగా 35 కిలోమీటర్లు పోతే అబిస్కో. అది కొండల వర్షచ్ఛాయలో ఉంది. ఏడాది మొత్తానికి అక్కడ పడే వాన, మంచు కలిపి సుమారు 300 మిల్లీమీటర్లు. స్వీడన్‌లో అతి తక్కువ వాన పడే చోట్లలో అదొకటి. అంటే పడమట మందపాటి, బలమైన మంచు. తూర్పున పలచటి, పట్టులేని మంచు. నడిచిపోయేవాడికి ఈ మార్పు మెల్లగా కాళ్ళకు తెలుస్తుంది. హెలికాప్టర్లో పోయేవాడు పది నిమిషాల్లో ఒక వాతావరణంలోంచి ఇంకో వాతావరణంలోకి వెళ్ళి దిగుతాడు. కిటికీలోంచి చూస్తే రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి.

సూర్యుడి సంగతి కూడా చెప్పుకోవాలి. ఏప్రిల్ మధ్యలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 80 డిగ్రీలు దాటి దాదాపు నడినెత్తికి వస్తాడు. రిక్స్‌గ్రాన్సెన్‌లో అదే రోజు 32 డిగ్రీలకు మించి లేవడు. ఉత్తరం వైపు 35 డిగ్రీల వాలున్న కొండకు ఆ మధ్యాహ్నం ఎండ తగలనే తగలదు. ఆ నీడలో మంచు పొడిపొడిగా, మెత్తగా ఉంటుంది. స్కీయర్లు ప్రాణం పెట్టేది దానికోసమే. ఎండ తగిలి సర్దుకునే అవకాశం లేక అడుగున ఉన్న బలహీనపు పొర వారాల తరబడి అలాగే మిగిలేది కూడా అదే వాలులో.

అందుకే గైడు ముందు పార పట్టుకుంటాడు. తాము దిగబోయే వాలును పోలిన, అపాయం తక్కువగా ఉన్న చోట మీటరు, మీటరున్నర లోతున గొయ్యి తీస్తాడు. ఎండ పడని వైపు గోడను నున్నగా చెక్కుతాడు. ప్రతి పది సెంటీమీటర్లకూ థర్మామీటర్ గుచ్చి చూస్తాడు. తర్వాత ఒక్కో పొర గట్టిదనం చూడాలి. దీనికి కావలసిన పరికరం చెయ్యే. చేతితొడుగుతో మెల్లగా నెట్టినప్పుడు పిడికిలి దిగితే అతి మెత్తన. పిడికిలి దిగక నాలుగు వేళ్ళు దిగితే ఒక మెట్టు గట్టి. తర్వాత ఒక వేలు, ఆ తర్వాత పెన్సిల్, చివరికి చాకు. పిడికిలి పొర మీద పెన్సిల్ పొర కూర్చుని కనిపిస్తే గైడు ముఖం మారుతుంది. ఆ పైన 30 సెంటీమీటర్ల చదరపు స్తంభాన్ని రంపంతో కోసి విడదీస్తాడు. దాని నెత్తిన పార అడ్డంగా పెట్టి చేత్తో తడతాడు. మణికట్టు కదిలిస్తూ పదిసార్లు, మోచేయి నుంచి పదిసార్లు, భుజం నుంచి పదిసార్లు. ఎన్నో దెబ్బకు, ఏ లోతులో, ఎంత శుభ్రంగా ఆ స్తంభం తెగి ముందుకు జారిందో పుస్తకంలో రాసుకుంటాడు. పన్నెండో దెబ్బకు సొరుగులా సాఫీగా తెగి జారితే ఆ రోజు ఆ వాలు వద్దు. ఎన్ని డబ్బులు కట్టి వచ్చినవాళ్ళయినా సరే, వద్దంటే వద్దు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మంచు చరియ విరిగిపడే తీరు అలాంటిది. స్కీయర్ బరువు పై పలకను దాటి కిందకు సోకితే, బలహీనపు పొరలోని రేణువులు ఒక చోట కూలతాయి. పై పలక మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో కుంగుతుంది. ఆ కుంగుబాటుకు పలక వంగి పక్క రేణువుల్ని కూల్చుతుంది, అవి వాటి పక్కవాటిని. ఇందాక చెప్పిన ధబ్బుమనే చప్పుడు ఇదే. పగులు సెకనుకు పదుల మీటర్ల వేగంతో కొండ అడ్డంగా పరుగెడుతుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే పలక మొత్తం కదలి కిందకు వచ్చేస్తుంది. పొర ఇలా కూలడమే పగులును ముందుకు నడుపుతుందని 2008లో భౌతిక శాస్త్రవేత్తలు ఒక నమూనాతో వివరించాక, పాత గైడ్లను వేధించిన ఒక ప్రశ్నకు జవాబు దొరికింది. చదునైన చోట నిలబడ్డవాళ్ళు కూడా దూరాన ఉన్న వాలును ఎలా విరగ్గొడుతున్నారన్నదే ఆ ప్రశ్న. రేణువులు కూలడానికి వాలుతో పనిలేదు, జారడానికే వాలు కావాలి. చరియల్లో చిక్కుకునే స్కీయర్లలో ఎక్కువమంది దాన్ని తామో, తమ జట్టువాళ్ళో కదిలించినవాళ్ళే. అందుకే గైడు ఒక్కొక్కరినే వదులుతాడు. మిగిలినవాళ్ళు గట్టు చాటున ఆగి చూస్తుంటారు.

హెలికాప్టర్‌కు మాత్రం ఈ చలి ఒక రకంగా కలిసొస్తుంది. చల్లగాలి చిక్కన. మైనస్ 15 డిగ్రీల గాలి 35 డిగ్రీల గాలికన్నా దాదాపు ఐదో వంతు ఎక్కువ సాంద్రంగా ఉంటుంది కాబట్టి రెక్కలకు పట్టు బాగా దొరుకుతుంది. పైగా ఇక్కడి శిఖరాలు రెండు వేల మీటర్ల లోపే. స్వీడన్‌లో అన్నిటికన్నా ఎత్తయిన కెబ్నెకైసె కూడా ఆ ఎత్తును కొద్దిగానే దాటుతుంది. ఇలాంటి పనికి ఎక్కువగా వాడే ఎక్యురే రకం హెలికాప్టర్‌నే 2005లో ఫ్రెంచ్ పైలట్ దిదియే దెల్సాల్ ఎవరెస్ట్ కొస మీద దించి చూపించాడు. ఎత్తు కన్నా పైలట్‌కు ఇక్కడ కష్టమైనది తెలుపు. మబ్బు కమ్మితే నీడలు ఉండవు, చెట్లు లేవు, నేల ఎక్కడో ఆకాశం ఎక్కడో తేల్చుకోవడానికి కంటికి ఒక్క ఆధారం ఉండదు. దానికి తోడు రెక్కల గాలికి లేచిన పొడిమంచు అద్దాల్ని కమ్మేస్తుంది. స్కీయర్లను ఎక్కించుకోవడానికి వచ్చినప్పుడు చూడాలి. అందరూ స్కీలు కట్టగా కట్టి, ఒక కుప్పగా మోకాళ్ళ మీద కూర్చుని, తలలు వంచి, టోపీలు గట్టిగా పట్టుకుంటారు. మంచు ముఖాల్ని కొడుతున్నా కదలరు. పైలట్‌కు ఆ తెల్లదనంలో కనిపించే ఒకే గుర్తు ఈ మనుషుల కుప్ప. దాన్ని చూసుకుంటూ వాళ్ళకు చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో హెలికాప్టర్‌ను ఆనిస్తాడు. ఎవరైనా భయపడి లేచి పక్కకు పరుగెత్తితే ప్రమాదం. కెనడాలో మబ్బు పట్టిన రోజు చెట్ల నడుమ జారుకుంటారు. చెట్లే లేని ఈ కొండల్లో ఆ రోజు గదిలో కూర్చోవలసిందే.

అన్నీ చూసుకున్నా చరియ విరిగితే? మంచు కింద పూడిన మనిషిని పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురు బతకడమే ఎక్కువ. ఊపిరాడకపోవడమే ముఖ్య కారణం. ఆ పది నిమిషాల్లో ఊరి నుంచి ఎవరూ రాలేరు, కాబట్టి రక్షించవలసింది పక్కనున్నవాళ్ళే. ప్రతి ఒక్కరి ఒంటి మీదా 457 కిలోహెర్ట్జ్ మీద పలికే చిన్న రేడియో, సంచిలో పొడవాటి గుచ్చుకర్ర, పార ఉంటాయి. కొందరి వీపున తాడు లాగితే ఉబ్బే గాలి సంచి. బియ్యం డబ్బాలో కలిసిన వేరుశనగ కాయలు డబ్బా కుదిపితే పైకి తేలినట్టు, కదిలే మంచులో పెద్ద వస్తువు పైకి వస్తుంది. ఆ సంచి మనిషిని పెద్దవాణ్ణి చేస్తుంది. ఇంకొకటి స్వీడన్‌లోనే పుట్టింది. 1973 చివర ఓరె అనే చోట మంచు చరియ ప్రమాదాన్ని చూసిన మాగ్నస్ గ్రాన్‌హెడ్, ఆ తర్వాత రెకో అనే పద్ధతి కనిపెట్టాడు. బట్టల్లో కుట్టే చిన్న పట్టీకి బ్యాటరీ ఉండదు. వెతికేవాళ్ళు పంపిన రేడియో అలకు అది రెట్టింపు పౌనఃపున్యంతో బదులిస్తుంది.

ఈ లెక్కలు మనకు దూరం అనుకోవడానికి లేదు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు చరియ కింద పూడిపోయిన పదిమంది సైనికుల్లో కర్నూలు జిల్లా యువకుడు ఒకడున్నాడు. మంచు పొరల్ని చదివే శాస్త్రం సైన్యానికి కావలసింది సరదా కోసం కాదు.

రిక్స్‌గ్రాన్సెన్ శిఖరం మీద నిలబడి పడమటికి చూస్తే నార్వే కొండలు కనిపిస్తాయి. అవీ ఇంత అందమైనవే, కానీ అక్కడ సరదా కోసం హెలికాప్టర్ దించడాన్ని 1977 చట్టం ఒప్పుకోదు. ఫ్రాన్స్ కూడా 1985 నుంచి ఒప్పుకోవడం లేదు. నాకు ఆ దేశాల వాదనే సబబుగా తోస్తుంది. చిన్న హెలికాప్టర్ గంటకు తాగే ఇంధనం దాదాపు 180 లీటర్లు. అంటే గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ సుమారు 450 కిలోలు. 1979 తర్వాత ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. ఈ కొండలు ఇక్కడి ఆదివాసులైన సామీ ప్రజల రెయిన్‌డీర్లు మేసే నేల కూడా. మే నెలలో అవి ఈనుతాయి. ఆ సమయంలో నెత్తి మీద హెలికాప్టర్ తిరిగితే మంద బెదిరి చెదిరిపోతుంది, తల్లీ పిల్లా విడిపోతాయి.

అబిస్కోలో 1913 నుంచి శాస్త్ర పరిశోధన కేంద్రం నడుస్తోంది. అక్కడివాళ్ళు 1961 నుంచి చలికాలమంతా రెండు వారాలకోసారి మంచులో గొయ్యి తీసి పొరలు రాస్తున్నారు. గైడు చేసే పనే, కాకపోతే తరాల తరబడి, ఒకే చోట. ఆ పుస్తకాల్లో ఇటీవలి దశాబ్దాలకు వచ్చేసరికి అతి గట్టి పొరలు పెరిగాయి. నడి చలికాలంలో ఒక్కసారి వేడెక్కి మంచు కరిగినా, దాని మీద వాన పడినా, తర్వాత గడ్డకట్టి ఏర్పడేవి ఇలాంటి పొరలే. స్కీయర్‌కు అది కొత్త మంచు జారిపోయే నున్నటి పరుపు. రెయిన్‌డీర్‌కు అది గిట్టతో పగలని మూత. దాని కిందే తన మేత, నాచులాంటి లైకెన్, ఉంటుంది. అలాంటి ఏట పశువుల కాపరులు మేత మూటలు కొని స్నోమొబైల్ మీద కొండకు మోస్తున్నారు.