దత్తతకు ముందు కుక్కల తాత్కాలిక పెంపకం

తాత్కాలిక పెంపకం అనగా వీధి నుండి గానీ, ప్రమాదం నుండి గానీ రక్షించిన కుక్కను శాశ్వత యజమాని దొరికే వరకు ఒక కుటుంబం తన ఇంటిలో ఉంచుకొని, ఆరోగ్యం కుదుటపరచి, మనుషుల మధ్య మెలగడం నేర్పడం. వాడుకలో దీనిని ఫోస్టరింగ్ అంటారు. ఈ కాలంలో కుక్క బాధ్యత సాధారణంగా రక్షించిన సంస్థదే. పెంచే వ్యక్తిని సంరక్షకుడు అంటారు. బెదిరిన కుక్కను శిక్షణ లేకుండా నేరుగా దత్తత ఇస్తే అది కరవడం, పారిపోవడం, చివరకు మళ్ళీ వీధిపాలు కావడం జరుగవచ్చు. దీనిని నివారించడమే ఈ పద్ధతి ముఖ్యోద్దేశం.

నేపథ్యం

భారతదేశంలో జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చినది. దీని క్రింద 2001లో జంతు జనన నియంత్రణ నియమాలు, వాటి స్థానంలో 2023లో కొత్త నియమాలు వెలువడినాయి. వీటి ప్రకారం వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబీస్ టీకా చేసి, పట్టిన చోటనే తిరిగి వదలాలి. అయితే తల్లి లేని పిల్లలు, కాలు పోయినవి, ఇంటిలో పెరిగి వదిలివేయబడినవి వీధిలో బ్రతకడం కష్టం. ఇటువంటి వాటికి దత్తతే మార్గం. 2025 ఆగస్టు 22 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం, వీధికుక్కను దత్తత తీసుకొన్నవారు అది మళ్ళీ వీధికి చేరకుండా చూడవలసి ఉన్నది.

తెలుగునాట హైదరాబాదులో అక్కినేని అమల, నాగార్జున 1992లో స్థాపించిన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996లో ఏర్పడిన జంతు సంరక్షణ సంస్థ వి.ఎస్.పి.సి.ఎ. ఈ రంగంలో పేరొందినవి. ఎక్కువ కుక్కలను ఒకేచోట ఉంచితే అంటువ్యాధులు త్వరగా వ్యాపిస్తాయి. కనుక చిన్న పిల్లలకు ఇంటి పెంపకమే మేలు.

ఆరోగ్య సంరక్షణ

కొత్తగా వచ్చిన కుక్కను ఇంటిలోని ఇతర కుక్కల నుండి సుమారు రెండు వారాలు వేరుగా ఉంచుతారు. పార్వో వైరస్ సోకిన పిల్లలలో వాంతులు, రక్త విరేచనాలు కొద్ది రోజులలోనే కనిపిస్తాయి. ఈ వైరస్ నేలపై నెలల తరబడి బ్రతుకుతుంది. కనుక గిన్నెలను, నేలను బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రపరచాలి. పిల్లలకు ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తరువాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల వరకు వేస్తారు. రేబీస్ టీకా మూడు నెలల వయసులో వేస్తారు.

రేబీస్ లక్షణాలు కనిపించిన తరువాత దాదాపు ప్రతి రోగీ మరణిస్తాడు. కుక్క కరచినా, గీరినా గాయాన్ని పదిహేను నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పోసే నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కుక్క పిల్లే కదా అని ఉపేక్షించరాదు.

కొల్లేటి ప్రాంతంలో జాగ్రత్తలు

ఏలూరు జిల్లాలోని మండవల్లి, కైకలూరు మండలాలలో చేపల చెరువులు, వరి పొలాలు విస్తారంగా కలవు. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే వ్యాధి కుక్కలకు, మనుషులకు కూడా సోకుతుంది. కనుక ఈ ప్రాంతంలో ఆ టీకా కూడా వేయించడం, కుక్కకు మంచినీరే పెట్టడం అవసరం. కొన్ని మంచినీటి చేపలలో ఉండే థయామినేజ్ అనే ఎంజైము బి1 విటమినును నాశనం చేస్తుంది. ఆ చేపలను పచ్చివిగా పదేపదే పెడితే నరాల జబ్బు వస్తుంది. ఉడికించి, ముళ్ళు తీసి పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు హానికరం. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటింపబడినది. నేలపై గూడు కట్టే పక్షులున్న చోట కుక్కను విప్పి వదలరాదు. మెరుగైన చికిత్సకు గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది.

శిక్షణ

జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రచురించిన పరిశోధన ప్రకారం మూడు నుండి పన్నెండు వారాల వయసు కుక్కపిల్ల మచ్చికకు కీలకమైనది. ఆ వయసులో మనుషులు, వాహనాల మోత, పశువులు అలవాటైన పిల్ల పెద్దయ్యాక తక్కువగా బెదురుతుంది. వయసు మళ్ళిన కుక్క కూడా నేర్చుకొనగలదు గానీ ఓపిక ఎక్కువ కావాలి.

మొదటి కొద్ది రోజులు కుక్కకు ఒక మూల కేటాయించి, అది తానుగా దగ్గరకు వచ్చే వరకు వేచి ఉండాలి. తరువాత పిలిస్తే రావడం, కూర్చోవడం, తాడుతో నడవడం, మలమూత్రాలకు బయటకు వెళ్ళడం నేర్పుతారు. చెప్పినట్లు చేసిన వెంటనే తినుబండారం ఇవ్వాలి. ఆలస్యమైతే ఏ పనికి ఇచ్చారో దానికి తెలియదు. కొట్టడం వలన కుక్క భయంతో గుర్రుమనడం మానివేసి, హెచ్చరిక లేకుండా కరిచే ప్రమాదమున్నది. తింటున్న కుక్క దగ్గరకు పసిపిల్లలను పోనివ్వరాదు.

దత్తత

సంరక్షకుడు కుక్క ఆహారం, టీకాలు, భయాలు, కరచిన సందర్భాలు ఏవైనా ఉంటే అవి కూడా వ్రాసిపెట్టి కొత్త యజమానికి తెలియజేయాలి. లోపాన్ని దాచి ఇచ్చిన కుక్క తిరిగి వచ్చే అవకాశమే ఎక్కువ. వయసు వచ్చిన కుక్కకు ముందుగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించాలి. కుదరని పక్షంలో కుక్కను వదిలివేయక సంస్థకే తిరిగి అప్పగిస్తామనే అంగీకారం తీసుకొనడం మంచిది. పెంచిన కుక్కను పంపివేయడం సంరక్షకునికి బాధాకరమే అయినా, ఖాళీ అయిన ఆ చోటు మరొక కుక్క ప్రాణం నిలుపుతుంది.

ఇవి కూడా చూడండి

కుక్క
రేబీస్
కొల్లేరు సరస్సు
మండవల్లి