బొరుగుల ఉండ, గాలిరాయి

రొయ్యపిల్లలను పుట్టించి పెంచే హేచరీని మీరెప్పుడైనా చూశారా? నెల్లూరు తీరంలో సముద్రానికి దగ్గరగా ఇలాంటివి ఉన్నాయి. లోపలికి అడుగుపెడితే ఉక్కపోత. వరుసగా సిమెంటు తొట్లు. ప్రతి తొట్టిలోకీ పైనుంచి సన్నని ప్లాస్టిక్ గొట్టాలు వేలాడుతుంటాయి. ప్రతి గొట్టం చివరా బొటనవేలంత రాయి ఒకటి నీళ్ళలో మునిగి ఉంటుంది. ఆ రాయి ఒళ్ళంతా చెమట పట్టినట్లు సన్నని బుడగలు పుట్టి, నురగలాగా పైకి లేస్తుంటాయి. దీన్ని ఎయిర్‌స్టోన్ అంటారు. మనం గాలిరాయి అందాం.

ఆ రాయిని చేతిలోకి తీసుకొని ఎంత పరీక్షగా చూసినా కంటికి ఒక్క రంధ్రం కూడా కనిపించదు. వేలితో రాస్తే గరుకుగా ఉంటుంది, అంతే. మరి గాలి ఎలా వస్తోంది?

జవాబు మీ ఇంట్లోనే ఉంది. అమ్మ బొరుగుల ఉండలు ఎలా చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. బెల్లాన్ని పాకం పట్టి, అందులో బొరుగులు పోసి, కలిపి, వేడిగా ఉండగానే ఉండ కడుతుంది. పాకం ప్రతి బొరుగుకూ పలచగా అంటుకుంటుంది. రెండు బొరుగులు తాకే చోట అది గట్టిపడి వాటిని పట్టి ఉంచుతుంది. తాకని చోట సందులు అలాగే మిగిలిపోతాయి. అందుకే ఉండ గట్టిగా ఉన్నా లోపల గుల్లగా ఉంటుంది. పాకం మరీ ఎక్కువైతే ఏమవుతుంది? సందులన్నీ పూడిపోయి, పళ్ళు విరిగే బెల్లపు గడ్డ తయారవుతుంది. తక్కువైతే ఉండ చేతిలోనే పొడిపొడి అవుతుంది. గాలిరాళ్ళు చేసే కర్మాగారంలో ఇంజనీర్లకు ఉండే తలనొప్పి కూడా సరిగ్గా ఇదే.

అక్కడ బొరుగులకు బదులు సిలికా ఇసుక గానీ, అల్యూమినా అనే గట్టి పదార్థపు రేణువులు గానీ వాడతారు. ముందు జల్లెడ పట్టి ఒకే పరిమాణంలో ఉన్నవాటిని వేరుచేస్తారు. వాటికి గాజుపొడి లేదా ఒక రకం మట్టి, కాస్త జిగురు కలిపి అచ్చులో నొక్కి, ఆరబెట్టి, కొలిమిలో కాలుస్తారు. సిలికా కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. గాజు అంతకంటే చాలా తక్కువ వేడికే మెత్తబడి పాకంలాగా పారుతుంది. జిగురు కాలిపోతుంది. మెత్తబడిన గాజు రేణువులు తాకే చోట్లకు చేరి, చల్లారాక మెడలాగా గట్టిపడుతుంది. పరిశ్రమలలో వాడే ఎన్నో వడపోత పలకలు, గొట్టాలు ఇదే పద్ధతిలో తయారవుతాయి. సానరాయి చక్రం కూడా వీటికి దగ్గరి చుట్టమే. గాజు పరిశ్రమకూ పోత పరిశ్రమకూ వెళ్ళే తెల్లని సిలికా ఇసుకను మీరు చూడాలనుకుంటే గూడూరు దగ్గర చిల్లకూరు, కోట ప్రాంతాలకు వెళితే చాలు. కుప్పలు పోసిన పంచదార అనుకుంటారు!

కొంచెం లెక్క వేద్దాం. ఒక గాజుగ్లాసు నిండా గోలీలు పోసి, పైదాకా నీళ్ళు నింపి, ఆ నీటిని వంచి కొలవండి. గ్లాసు మొత్తంలో సుమారు 40 శాతం నీరే ఉంటుంది. ఇప్పుడు గోలీలకు బదులు ఆవాలు పోసి చూడండి. సందులు బాగా తగ్గిపోతాయని మీరు అనుకుంటారు. కాని కొలిస్తే వచ్చేది ఇంచుమించు అదే లెక్క. రేణువులన్నీ ఒకే పరిమాణంలో ఉన్నంతవరకు అవి పెద్దవైనా, చిన్నవైనా మొత్తం ఖాళీ పెద్దగా మారదు. మారేది ఒక్కొక్క సందు వెడల్పు మాత్రమే. మూడు రూపాయి బిళ్ళలను ఒకదానికొకటి ఆనించి బల్లమీద పెట్టండి. మధ్యలో మూడు మూలల సందు ఏర్పడుతుంది. ఆ సందులో పట్టే అతి పెద్ద వలయం వ్యాసం బిళ్ళ వ్యాసంలో 15 శాతం కంటే కొంచెం ఎక్కువ. అంటే 100 మైక్రాన్ల రేణువులు దగ్గరగా పేరిస్తే ఇరుకు దారి సుమారు 15 మైక్రాన్లు. (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.) జల్లెడ మార్చి రంధ్రం వెడల్పును మనకు కావలసినట్లు ఎంచుకోవచ్చునన్నమాట. రంధ్రాలను తొలిచే పనే లేదు.

మళ్ళీ హేచరీకి వద్దాం. తొట్టిలో ఉన్నవి అర మిల్లీమీటరు పొడవుతో మొదలయ్యే రొయ్య శిశువులు. లీటరు నీటిలో వందకు పైగా ఉంటాయి. అన్నీ ఊపిరి పీల్చాలి. 30 డిగ్రీల దగ్గర లీటరు సముద్రపు నీటిలో కరిగే ఆక్సిజన్ సుమారు 6 మిల్లీగ్రాములే. అదే లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాములుంటుంది. గాలిలో ఉన్నదాన్ని నీటిలోకి త్వరత్వరగా చేర్చాలి. ఈ మార్పిడి జరిగేది గాలీ నీరూ తాకే ఉపరితలం దగ్గరనే. ఒక సెంటిమీటరు వ్యాసం ఉన్న బుడగను ఒక్కొక్క మిల్లీమీటరు బుడగలుగా విడగొడితే వెయ్యి బుడగలవుతాయి. గాలి అంతే, ఉపరితలం మాత్రం పది రెట్లు! పైగా చిన్న బుడగ నెమ్మదిగా పైకి వస్తుంది కనుక నీటితో ఎక్కువసేపు సావాసం చేస్తుంది. బుడగలు పైకి లేస్తూ నీటిని కూడా కదిలిస్తాయి. దానివల్ల మేత అడుగున పేరుకోకుండా తేలుతూ ఉంటుంది.

అయితే రంధ్రాలను ఇంకా ఇంకా సన్నం చేసుకుంటూ పోవచ్చు కదా? పోలేము. తడిసిన రంధ్రంలో నీరు తలతన్యతతో పట్టుకొని కూర్చుంటుంది. దాన్ని గాలి బయటికి నెట్టాలి. 100 మైక్రాన్ల రంధ్రమైతే సుమారు 29 సెంటిమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి సరిపోతుంది. 10 మైక్రాన్లయితే దాదాపు 3 మీటర్లు కావాలి. తొట్టి లోతు మీటరే అయినా, గాలి పంపే బ్లోయరు అంతకు ఎన్నో రెట్లు శ్రమపడాలి. కరెంటు బిల్లు కట్టేవాళ్ళను అడగండి, దీని అర్థం వాళ్ళు చెబుతారు. ఈ నియమాన్నే తిరగేసి, ఇంజనీర్లు కొత్త వడపోత పలకలను పరీక్షిస్తారు: పలకను నీటిలో తడిపి, గాలి ఒత్తిడిని నెమ్మదిగా పెంచుతూ, మొదటి బుడగ ఎప్పుడు వస్తుందో చూస్తారు. ఆ ఒత్తిడినిబట్టి పలకలోని అతి పెద్ద రంధ్రం ఎంతో లెక్కకట్టవచ్చు. పగులు ఉంటే మొదటి బుడగే దొంగను పట్టిస్తుంది.

గాలి ఆగిపోతే? అన్ని ప్రాణులు కిక్కిరిసిన తొట్టిలో ఆక్సిజన్ త్వరగా హరించుకుపోతుంది. కొద్ది గంటల్లోనే తొట్టి మొత్తం చచ్చిపోవచ్చు. అందుకే అక్కడ జనరేటరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బ్లోయరు తిరుగుతున్నా రాళ్ళు పూడుకుపోతే అదే ప్రమాదం. సూక్ష్మజీవులు జిగురు పొరలాగా రంధ్రాల్లో పెరుగుతాయి, లవణాలు పేరుకుంటాయి. కాబట్టి ఒక విడత పిల్లలు అయిపోగానే రాళ్ళను కడిగి, ఎండబెడతారు. లవణాలు పోవడానికి పలుచని ఆమ్లమూ, సూక్ష్మజీవులు చావడానికి క్లోరిన్ కలిసిన నీరూ వాడతారు. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలిస్తే విషవాయువైన క్లోరిన్ బయటికి వస్తుంది. ఇంట్లో స్నానాలగది కడిగేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

ఇప్పటివరకు రాయిలోంచి గాలిని పంపించాము. అదే రాయిలోంచి నీటిని పంపిస్తే వడపోత అవుతుంది. ఇసుకతో నీటిని వడకట్టడం మనకు కొత్త కాదు. పెన్న ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన తేటనీటిని ముంచుకోవడం పెద్దలకు తెలిసిన విద్యే. దీని విలువ ఎంతో 1892లో జర్మనీలో తేలింది. హాంబర్గు నగరం ఎల్బ్ నది నీటిని వడకట్టకుండానే తాగేది. పక్కనే ఉన్న ఆల్టోనా పట్టణం అదే నది నుంచి, అదీ హాంబర్గు మురుగు కలిసిన దిగువ నుంచి నీరు తెచ్చుకొని, ఇసుకలో వడకట్టేది. ఆ ఏడు కలరా వచ్చింది. హాంబర్గులో ఎనిమిది వేల మందికి పైగా చనిపోయారు. ఆల్టోనాలో చాలా కొద్దిమందికే సోకింది. రెండు ఊళ్ళ మధ్య హద్దు కొన్నిచోట్ల ఒక వీధి మాత్రమే!

ఇసుకే అంత పని చేస్తే రేణువులను అతికించడం దేనికి? విడి ఇసుకను నిలబెట్టలేము, తలకిందులు చేయలేము. నీటి వేగం పెరిగితే ఇసుక కదిలి దారులు పడతాయి. అతికించిన రేణువులతో పలక, గొట్టం, గిన్నె, ఏ ఆకారమైనా వస్తుంది. వెనకనుంచి నీరు కొట్టి కడగవచ్చు. 1884లో పాశ్చర్ ప్రయోగశాలలో పనిచేసిన చార్లెస్ షాంబర్లాన్ మెరుగు పూయని పింగాణీతో ఇలాంటి వడపోత గొట్టం చేశాడు. ఫ్రెంచి భాషలో దాన్ని కొవ్వొత్తి అనే పిలిచారు. మన ఇళ్ళలోని స్టీలు ఫిల్టరులో ఉండే 'క్యాండిల్' పేరు ఎక్కడిదో ఇప్పుడు తెలిసిందా? మంచి క్యాండిల్‌లోని వంకరటింకర దారుల్లో కలరా క్రిములు సైతం చిక్కుకుంటాయి. రంధ్రం కంటే చిన్న మలినం కూడా మలుపుల దగ్గర గోడకు తగిలి అంటుకుపోతుందని గమనించండి. జల్లెడకు ఆ గుణం లేదు.

ఆ కొవ్వొత్తే ఒక కొత్త లోకాన్ని బయటపెట్టింది. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ అనే యువ శాస్త్రజ్ఞుడు తెగులు పట్టిన పొగాకు ఆకుల రసాన్ని షాంబర్లాన్ ఫిల్టరులో వడకట్టాడు. బాక్టీరియా అంతా ఆగిపోవాలి. అయినా ఆ తేట రసం పూసిన మొక్కలకు తెగులు వచ్చింది! ఇది బాక్టీరియా కాదని, వేరే రకమైనదని 1898లో హాలెండులో బైయరింక్ తేల్చాడు. అదే వైరస్. మన మెట్ట చేలల్లో పండే పొగాకుకు కూడా ఆ తెగులు తప్పదు.

వైరస్ మాట నెల్లూరు రొయ్యల రైతుకు బాగా తెలుసు. 1994-95లో వచ్చిన తెల్లమచ్చల తెగులు ఎన్నో చెరువులను తుడిచిపెట్టింది. ఆ వైరస్ పొడవు మైక్రానులో మూడో వంతు, వెడల్పు పదో వంతు. హేచరీలో సముద్రపు నీటిని ఇసుక ఫిల్టరులోంచి, తర్వాత 5 మైక్రాన్లు, 1 మైక్రాన్ ఫిల్టర్లలోంచి పంపినా అది హాయిగా దాటిపోగలదు. కాబట్టి క్లోరిన్, అతినీలలోహిత కిరణాలు కూడా వాడక తప్పదు. అయితే ఫిల్టరు వృథా అని అనుకోకండి. వైరస్‌ను మోసుకొచ్చే చిన్న పీతలను, రొయ్య జాతి జీవులను అది ఆపుతుంది. బురద పోయిన తేటనీటిలోనే కిరణాలు లోపలిదాకా చొరబడతాయి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. తీరపు ఊళ్ళలో బావినీరు ఉప్పగా ఉంటే క్యాండిల్ ఫిల్టరులో పోసి ప్రయోజనం లేదు. కరిగిన ఉప్పు రేణువు కాదు. నీటితోపాటే జారిపోతుంది. ఫ్లోరైడు కూడా అంతే. మన దేశంలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంకరపోయే జబ్బును వైద్యులు మొదట వివరంగా వర్ణించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. ఆ ఊళ్ళ నీరు చూపుకు తేటగానే ఉండేది. దాన్ని తొలగించే ఉత్తేజిత అల్యూమినా గుళికలు కూడా గుల్ల పదార్థమే. కాని అవి ఫ్లోరైడును అడ్డగించవు, తమ ఉపరితలం మీదకు రసాయనికంగా లాక్కుంటాయి. కొంతకాలానికి ఆ ఉపరితలం నిండిపోతుంది. అప్పుడు గుళికలను మందులతో శుద్ధి చేయకపోతే ఫిల్టరు ఉన్నా లేనట్లే.

గాజు, మట్టి మాత్రమే కాదు, లోహాలతో కూడా ఈ ఉండలు కడతారు. సన్నని కంచు గుండ్లను అచ్చులో పోసి, అవి కరిగేటంత వేడికి కాస్త దిగువనే ఉంచితే తాకే చోట్ల వాటంతట అవే అతుక్కుంటాయి. పాకం కూడా అక్కరలేదు. దీన్ని సింటరింగ్ అంటారు. గాలి ఒత్తిడితో నడిచే యంత్రాల్లో బుస్సుమనే శబ్దాన్ని తగ్గించే చిన్న కంచు మూతలు ఇలా చేసినవే.

ఇంట్లో చేయగల పరీక్షలు రెండు ఉన్నాయి. అక్వేరియం పంపు దొరికితే గాలిరాయిని ముందు మంచినీళ్ళ బకెట్టులో, తర్వాత లీటరుకు రెండు చెంచాల చొప్పున కల్లుప్పు కలిపిన నీళ్ళలో పెట్టి చూడండి. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి సులభంగా కలిసిపోవు. అందువల్ల సన్నగా, నీరంతా పాలలాగా కనిపిస్తుంది. రెండోది పంపు లేనివారికి. బాగా ఎండిన ఎర్ర ఇటుకను తూచి, బకెట్టులో ముంచి, బుడగలు ఆగేదాకా, వీలైతే ఒక రాత్రంతా ఉంచి, పైన తడి తుడిచి మళ్ళీ తూచండి. పెరిగిన ప్రతి గ్రాముకూ ఒక ఘన సెంటిమీటరు రంధ్రం. దాన్ని ఇటుక ఘనపరిమాణంతో భాగించండి. కృష్ణపట్నం దగ్గరి థర్మల్ కేంద్రాల నుంచి వచ్చేలాంటి బూడిదతో చేసిన ఇటుక దొరికితే దానినీ అలాగే తూచి, రెండు లెక్కలనూ పక్కపక్కన రాసుకోండి.