తిమ్మిరి అంటే 'తిమిరు' కాదు: నరాల పరీక్ష గురించి మన ఇళ్లవారికి కొన్ని మాటలు



మన ఇళ్లలో పెద్దలు "కాలికి తిమ్మిరి పట్టింది" అంటారు. అదే మాట ఆసుపత్రిలో నోరు జారి వచ్చిందంటే నవ్వులపాలే. తమిళ వాడుకలో 'తిమిరు' అంటే పొగరు. మన అవ్వ ఒకామె "రెండు కాళ్లకూ తిమిరు" అంటే నర్సు నవ్విందట. ఆమె చిన్నబుచ్చుకుని మిగతాది చెప్పకుండానే మాత్రలు తీసుకుని వచ్చేసింది. అక్కడ చెప్పాల్సిన మాట 'మరత్తుప్పోచ్చు' లేక 'మదమదప్పు'. మంటైతే 'ఎరిచ్చల్'. లోపల తొలిచినట్టుంటే 'కొడైచ్చల్'. డాక్టరుకు ఈ నాలుగూ నాలుగు వేరే సంగతులు.

విళాత్తికుళం, కోవిల్‌పట్టి, విరుదునగర్ పక్కల మన సంఘం కూటాలకు వచ్చే పెద్దలలో కాళ్ల మంట, చేతుల మొద్దు అనని వాళ్లు తక్కువ. "వయసైంది", "వాతం", "సత్తువ లేదు" అని సర్దిచెప్పుకుంటాము. మేమూ అలా సర్దిచెప్పి ఒక తప్పు చేశాము. ముందు దాన్నే చెప్పాలి.

మన అక్క కథ

మా సంఘంలో ఒక అక్క ఉంది. పేరు రాయవద్దంది. పగలంతా మిరపకాయల పని, సాయంత్రం కుట్టుమిషను. రాత్రి కుడిచెయ్యి మొద్దుబారి నిద్రలేచేది. చెయ్యి విదిలిస్తే కాసేపటికి సర్దుకునేది. మెడ ఎముక అరిగిందని ఒకచోట చెప్పారు. మేమూ అవునన్నాము, నూనె పట్టించమన్నాము. అలా మూడేళ్లు పోయాయి. సూదిలో దారం ఎక్కించలేని రోజు వచ్చాక పెద్ద ఆసుపత్రికి వెళ్లింది.

అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఏ వేళ్లు?" అని. అక్క "అన్నీ" అంది. "ఈ రాత్రి ఒక్కొక్క వేలూ తాకి చూసుకుని రేపు చెప్పండి" అన్నాడు. చూసుకుంటే చిటికెన వేలు బాగానే ఉంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలులో సగం, ఇవే మొద్దు. మణికట్టు దగ్గర ఇరుకు సందులో నలిగే నరం పాలు సరిగ్గా ఇంతే. నరాల పరీక్షలో నరం మణికట్టు దగ్గరే మందగించిందని తేలింది. మెడలో తప్పు కనిపించలేదు. చిన్న ఆపరేషను చేశారు. రాత్రి నొప్పి పోయింది. కానీ అప్పటికే బొటనవేలి కింది కండ కరిగిపోయింది. ఆ బలం పూర్తిగా తిరిగి రాలేదు. రెండేళ్ల ముందు వెళ్లి ఉంటే వచ్చేదేమో.

నరం ఏం చేస్తుంది?

మనవాళ్లు రక్తనాళాన్నీ నరమే అంటారు. ఇక్కడ చెప్పేది అది కాదు. మెదడు, వెన్నుపాము నుంచి చేతులకు కాళ్లకు కబురు మోసే తీగ ఇది. చర్మం మీది స్పర్శను పైకి తీసుకుపోతుంది, కండను కదిలించే ఆజ్ఞను కిందికి తెస్తుంది. చాలా నరాలకు కరెంటు తీగ మీది రబ్బరులా ఒక తొడుగు ఉంటుంది. తొడుగు దెబ్బతింటే కబురు ఆలస్యమవుతుంది. లోపలి తీగే పాడైతే కబురు బలం తగ్గుతుంది. ఈ రెంటిలో ఏది జరిగిందో, ఎక్కడ జరిగిందో కనిపెట్టడమే పరీక్ష పని.

నరంలో కబురు ఎంత వేగంగా పోతుందో 1850లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ కప్ప నరం మీద కొలిచాడు. కండలోకి దించే సన్నని సూదిని ఆడ్రియన్, బ్రాంక్ 1929లో తయారుచేశారు. 1948 నుంచి రోగుల నరాల వేగం కొలవడం మొదలైంది. కాబట్టి ఇది నిన్న మొన్న వచ్చిన ప్రయోగం కాదు.

పరీక్ష రెండు భాగాలు

మొదటిది నెర్వ్ కండక్షన్ పరీక్ష. చర్మం మీద చిన్న బిళ్లలు అంటించి నరం మీద ఒకచోట చిన్న కరెంటు తగిలిస్తారు. చురుక్కుమంటుంది, వేలు దానంతటదే ఎగురుతుంది. కబురు ఇంకోచోటికి ఎంతసేపట్లో చేరిందో యంత్రం రాస్తుంది. చేతి నరాలలో మామూలుగా సెకనుకు 50 మీటర్లు, అంతకు మించి. కాలి నరాలలో 40 మీటర్లు, ఆ పైన. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ఈ కరెంటు వల్ల ఒంటికి హాని లేదు.

రెండవది ఈఎంజీ. సన్నని సూదిని కండలోకి దించి, కండ ఊరికే ఉన్నప్పుడు, బిగించినప్పుడు వచ్చే విద్యుత్తును చూస్తారు, చప్పుడును వింటారు. ఈ సూదిలో మందు లేదు, దానితో కరెంటు ఇవ్వరు. కాస్త నొప్పి ఉంటుంది, ఒకటి రెండు రోజులు కండ సలుపు ఉండవచ్చు. రెండూ కలిపి అరగంట నుంచి గంట, ఒక్కోసారి ఎక్కువ. అందరికీ రెండూ అవసరం పడవు.

ఏమేమి తేలుతుంది?

పాదం పైకి లేవక చెప్పు జారిపోతుంటే తప్పు రెండు చోట్ల ఉండవచ్చు. ఒకటి నడుములో నరం మొదలు. రెండవది మోకాలి పక్కన, పిక్క పైని ఎముక చుట్టూ తిరిగే నరం. గంటల తరబడి గొంతుకు కూర్చుని కలుపు తీసేవారికి, కాలు మీద కాలు వేసి కూర్చునేవారికి ఆ నరం నలుగుతుంది. నడుముకు బెల్టు కట్టుకుంటే మోకాలి నరం బాగుపడదు కదా! ఏ చోటో పరీక్ష చెబుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దైతే మోచేతి దగ్గరి నరం మీద అనుమానం.

రెండు పాదాలూ కొసల నుంచి పైకి మేజోడు తొడిగినట్టు మొద్దుబారితే మొదట అడగాల్సింది షుగరు. తాగుడు, థైరాయిడు, బి12 లోటు కూడా కారణాలే. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి తీసుకునేవారికి, శాకాహారులకు బి12 తగ్గవచ్చు. ఇవి రక్తపరీక్షలో తేలతాయి. 2021 ఆగస్టులో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం మనుషులు షుగరు, బీపీ చూడటానికి ఇంటికి వస్తే దాక్కోకండి.

చర్మం మీద పాలిపోయిన మచ్చ, దానిలో స్పర్శ లేకపోతే కుష్ఠు ఉందేమో చూపించుకోవాలి. సిగ్గుపడి దాచవద్దు. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. పూర్తిగా నయమవుతుంది. ఆలస్యం చేస్తే నరం పోతుంది.

ఏమేమి తేలదు?

ఇది తెలియక చాలామంది మోసపోతారు. మంటను, వేడి చలువలను మోసే నరాలు మరీ సన్నవి. ఈ యంత్రానికి అవి అందవు. పాదాలు నిప్పులా మండుతున్నా రిపోర్టులో 'నార్మల్' రావచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్లు "అంతా నీ మనసులోనే ఉంది అత్తా" అనకూడదు. అలాగే దెబ్బ తగిలిన రెండు మూడు వారాల లోపు సూది పరీక్ష చేస్తే తప్పు కనిపించకపోవచ్చు. నొప్పి ఎంత ఉందో ఏ యంత్రమూ కొలవదు.

వెళ్లే ముందు

1. ఆ రోజు ఒంటికి నూనె, క్రీము రాయకండి. గాజులు, ఉంగరాలు తీసి ఇంట్లో పెట్టండి. వదులు బట్టలు కట్టుకోండి.
2. చెయ్యి, కాలు చల్లగా ఉంటే నరం మందంగా నడుస్తుంది. ఒక డిగ్రీకి సుమారు సెకనుకు 2 మీటర్లు తగ్గుతుంది. ఏసీ గదిలో చేతులు చల్లబడితే చెప్పండి, వెచ్చ చేస్తారు.
3. గుండెకు పేస్‌మేకరు ఉన్నా, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నా ముందే చెప్పండి. మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు.
4. కడుపు మాడ్చుకోనవసరం లేదు, తిని వెళ్లండి.
5. ఒక కాగితంలో రాసుకోండి: ఏ వేళ్లు, ఎప్పటి నుంచి, రాత్రా పగలా, ఏం చేస్తే ఎక్కువ, ఏం మందులు.
6. ప్రైవేటులో చేయించుకుంటే ఖర్చు ముందే అడగండి. ఒక చేతికా, రెండింటికా, సూది పరీక్ష కలిపా అని.
7. రిపోర్టు, పాత చీటీలు ఒకే ఫైలులో పెట్టండి. ఈ మాట నలభై ఏళ్లు ఫైళ్లు కట్టినవాళ్లం చెబుతున్నాము.

మనకు దగ్గరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులు తూత్తుకుడి, తిరునెల్వేలి, విరుదునగర్, మదురైలో ఉన్నాయి. ముందు స్థానిక ఆసుపత్రిలో చూపించి చీటీ తీసుకోండి. పరీక్ష ఎక్కడ, ఏ రోజు చేస్తారో కనుక్కుని బస్సెక్కండి.

పరీక్ష కోసం ఆగకూడనివి

ఒక పక్క చెయ్యి కాలు హఠాత్తుగా పడిపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం. రోజు రోజుకు బలహీనత కాళ్ల నుంచి పైకి ఎక్కడం. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం, మర్మస్థానం దగ్గర మొద్దు. ఇవి వస్తే తిమ్మిరి అనుకుని తైలం వెతకకండి. వెంటనే 108కి ఫోను చేయండి.

మన పిల్లలలో తెలుగు అక్షరాలు చదివేవారు తగ్గారు, పెద్దలలో తమిళంలో బాధ విడమర్చి చెప్పగలిగేవారు తక్కువ. అందుకే మా సంఘం ఒక చిన్న చీటీ తయారుచేస్తోంది. ఒక పక్క మన మాట, ఇంకో పక్క తమిళ మాట, కింద చేతి బొమ్మ, కాలి బొమ్మ. మొద్దుబారిన చోట పెన్సిలుతో గీసి డాక్టరు చేతికిస్తే చాలు. కావలసినవారు సంఘం కూటానికి వచ్చినప్పుడు అడగండి. ఇంట్లో చదవలేని పెద్దలుంటే ఇది వాళ్లకు చదివి వినిపించండి. విన్నాక "ఏ వేళ్లు?" అని ఒక్క మాట అడగండి.