ఫోరెన్సిక్స్, మెదడు సైన్స్... రెండూ కలిపి చదవొచ్చా?

"సార్, మా బిడ్డ బైపీసీల మంచి మార్కులు తెచ్చుకుంది. ఎంబీబీఎస్ వద్దంటది. ఫోరెన్సిక్ సైన్స్, న్యూరోసైన్స్ రెండూ చదువుతనంటది. అసలు అట్లాంటి చదువు ఉన్నదా?"

కాజీపేట నుంచి బీపీ చూపించుకోవడానికి వచ్చే ఓ రైల్వే ఉద్యోగి ఈమధ్య ఓపీలో అడిగిన ప్రశ్న ఇది. మాత్రలు రాస్తూ రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు. మీ ఇంట్లో ఇంటర్ పిల్లలుంటే మీరూ ఇదే మాట విని ఉండొచ్చు. వెబ్ సిరీస్‌లు చూసి పుట్టిన సరదా అని కొట్టిపారేయకండి. అలాగని పేరు కొత్తగా ఉందని వెంటనే ఫీజు కట్టేయకండి కూడా.

రెంటికీ చుట్టరికం ఏమిటి?

జంక్షన్ ఊళ్లో ఉన్నవాళ్లకు 'పట్టాల పక్కన మృతదేహం' అనే వార్త కొత్త కాదు. తలకు గాయం కనిపిస్తుంది. ఆ మనిషి పడిపోయాడా? ఎవరైనా కొట్టారా? పోస్టుమార్టంలో దీనికి జవాబు వెతికేది మెదడులోనే. కదలకుండా ఉన్న తలపై కర్రతో కొడితే, సాధారణంగా దెబ్బ తగిలిన చోటే మెదడు నలుగుతుంది. మనిషి వెనక్కి పడి తల నేలకు కొట్టుకుంటే, దెబ్బ వెనక తగిలినా మెదడు ముందు భాగం ఎక్కువగా నలుగుతుంది. ఈ తేడా తెలియకపోతే హత్య ప్రమాదమైపోతుంది, ప్రమాదం హత్యగా మారుతుంది.

మరో ఉదాహరణ. పత్తి చేలున్న మన ప్రాంతంలో పురుగుమందు ఒంట్లోకి వెళ్లిన కేసులు ఆస్పత్రులకు తరచూ వస్తుంటాయి. వాటిలో ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు నరాలను దెబ్బతీస్తాయి. నరం నుంచి కండరానికి సందేశం మోసే అసిటైల్‌కోలిన్‌ను, పని అయిపోగానే ఓ ఎంజైమ్ విడగొట్టేస్తుంది. విషం ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దాంతో కనుపాపలు సూదిమొనలా చిన్నవవుతాయి, నోట్లో నురగ, ఊపిరాడకపోవడం మొదలవుతాయి. మనిషి వార్డులో ఉన్నంతసేపూ ఇది వైద్యం. బతకకపోతే కడుపులోని పదార్థాలు, కాలేయం, మూత్రపిండాల భాగాలు సీసాల్లో ల్యాబ్‌కు వెళ్తాయి. అక్కడి నుంచి ఇది ఫోరెన్సిక్స్. విషం ఒకటే, దాన్ని చూసే కళ్లు రెండు.

గొర్రెకుంట గుర్తుందా?

2020 మే నెల, లాక్‌డౌన్ రోజులు. వరంగల్ శివారు గొర్రెకుంట బావిలో రెండు రోజుల్లో తొమ్మిది మృతదేహాలు బయటపడ్డాయి. చాలామంది వలస కూలీలు. పని లేక ప్రాణాలు తీసుకున్నారేమోనని మొదట అందరం అనుకున్నాం. నిద్రమాత్రలు కలిపిన ఆహారం పెట్టి, మత్తులో ఉండగా బావిలో పడేశారని దర్యాప్తులో తేలింది. అదే ఏడాది అక్టోబరు 28న కోర్టు నిందితుణ్ని దోషిగా తేల్చింది.

నిద్రమాత్ర మెదడును ఎలా జోకొడుతుంది, మత్తులో ఉన్న మనిషి ఎందుకు ప్రతిఘటించలేడు అన్నది న్యూరోసైన్స్. ఆ మందు ఆనవాలు పట్టుకోవడం, నీళ్లలో పడేనాటికి ప్రాణం ఉందా లేదా తేల్చడం ఫోరెన్సిక్స్. నోరులేని ఆ తొమ్మిది మంది తరఫున మాట్లాడాల్సింది సైన్సే.

మెదడు నిజం కక్కుతుందా?

పిల్లలను ఎక్కువగా ఆకర్షించేది 'బ్రెయిన్ మ్యాపింగ్'. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి, నేరానికి సంబంధించిన మాటలు వినిపించి లేదా బొమ్మలు చూపించి, మెదడు తరంగాలను ఈఈజీలో నమోదు చేస్తారు. మనకు తెలిసిన ముఖ్యమైన విషయం ఎదురైతే సుమారు 300 మిల్లీసెకన్ల దగ్గర పీ300 అనే తరంగం వస్తుంది. అయితే తెలిసి ఉండటం వేరు, చేసి ఉండటం వేరు. హత్య జరిగిన గది గురించి పేపర్లో చదివినవాడికీ అది తెలిసిన విషయమే కదా!

2008లో పుణెలో ఓ హత్య కేసులో ఒక యువతికి యావజ్జీవ శిక్ష పడింది. కోర్టు లెక్కలోకి తీసుకున్న ఆధారాల్లో మెదడు తరంగాల పరీక్ష ఒకటి. తర్వాత ఆమెకు హైకోర్టు బెయిల్ ఇచ్చింది. నిమ్హాన్స్ డైరెక్టర్ నేతృత్వంలోని నిపుణుల బృందం అదే ఏడాది ఈ పరీక్షకు తగిన శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదని తీర్పునిచ్చింది. ఒప్పుకున్నా ఆ ఫలితం దానంతటదే సాక్ష్యం కాదని కూడా చెప్పింది.

రెండు సబ్జెక్టులూ తెలిసినవారి అవసరం ఇక్కడే ఉంది. యంత్రం చెప్పిందని తల ఊపేవాళ్లు కాదు, 'ఇది ఇంతవరకే చెప్పగలదు' అని కోర్టులో నిలబడి చెప్పగలిగేవాళ్లు కావాలి.

ఎక్కడ చదవాలి?

ఇంగ్లండ్‌లోని కీల్ లాంటి యూనివర్సిటీలు ఈ రెండింటినీ ఒకే డిగ్రీగా బోధించాయి. మన దగ్గర దారులు వేరు, మధ్యలో కలుపుకోవాలి.

- పోస్టుమార్టం చేయాలనుంటే ఎంబీబీఎస్, ఆపైన ఎండీ ఫోరెన్సిక్ మెడిసిన్. ఫోరెన్సిక్ సైన్స్ డిగ్రీతో పోస్టుమార్టం చేయలేరు. చాలామంది పొరబడేది ఇక్కడే.
- ల్యాబ్ మీద ఇష్టముంటే కెమిస్ట్రీ, జువాలజీ, బయోటెక్నాలజీ లాంటి వాటితో బీఎస్సీ, తర్వాత ఉస్మానియా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్.
- మెదడు మీద పరిశోధనకైతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం, బెంగళూరు నిమ్హాన్స్.
- రెండూ దగ్గరగా కావాలంటే గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ. అక్కడ బిహేవియరల్ ఫోరెన్సిక్స్ విభాగం ఉంది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలి. ఇందుకు ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఉంది. నిపుణుల అవసరం పెరుగుతుందన్నమాట.

చేర్చే ముందు...

కాలేజీ బ్రోచర్ చూసి ఆగిపోకండి, ల్యాబ్ చూడండి. గతంలో వచ్చిన ఉద్యోగ ప్రకటనలు తీసి అర్హతలు చదవండి. పోస్టును బట్టి కెమిస్ట్రీ, బయాలజీ వంటి మూల సబ్జెక్టు అడుగుతారు. అందుకే డిగ్రీలో పునాది గట్టిగా ఉండటం మంచిది.

మరో మాట. ఈ వృత్తిలో చావు, హింస రోజూ ఎదురవుతాయి. మీ పిల్లలు నిద్రపట్టక, తిండి సహించక ఇబ్బంది పడుతుంటే 'నువ్వే కోరుకున్నావుగా' అనకండి. కూర్చోబెట్టి వినండి, అవసరమైతే సైకియాట్రిస్టుకు చూపించండి.

ఆ తండ్రికి చివరికి ఇదే చెప్పాను: "ఎందుకు చదవాలనుకుంటుందో ముందు అమ్మాయిని అడగండి. దొంగను పట్టుకోవడానికి అంటే ఇంకొంచెం ఆలోచించుకోమనండి. తప్పు చేయనివాడు జైలుకు పోకుండా చూడటానికి కూడా అంటే, నిశ్చింతగా చదివించండి." పైనెల మాత్రల కోసం వచ్చేటప్పుడు అమ్మాయినీ వెంట తీసుకొస్తానన్నాడు.