వాయిదా మారలేదు... గడువు పెరిగింది!

పాల లెక్క, చీటీ లెక్క, పచారీ సామాను లెక్క... అన్నీ పుస్తకంలో రాసుకునే అలవాటు నాది. ఇంటి అప్పు జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. నెలనెలా మావారి ఖాతాలోంచి దానంతటదే పోతుంది కదా అని ధీమా!

2021 జూన్‌లో ఇల్లు కొనుక్కోవడానికి బ్యాంకులో 15 లక్షలు తీసుకున్నాం. వడ్డీ 7 శాతం, గడువు 15 ఏళ్ళు, నెల వాయిదా 13,482 రూపాయలు. మావారు రిటైరయ్యేలోగా తీరిపోవాలని లెక్క చూసుకుని మరీ ఆ గడువు పెట్టుకున్నాం.

రెండేళ్ళు గడిచాక, అమ్మాయి చదువుకి ఏవో కాగితాలు కావాలంటే బ్యాంకు నుంచి అప్పు స్టేట్‌మెంటు తెచ్చారు. ఊరికే తిరగేశాను. మొత్తం 180 వాయిదాల్లో 24 కట్టేశాం, ఇంక 156 మిగలాలి. అక్కడ 221 అని ఉంది! అచ్చుతప్పేమో అనుకున్నా.

"వాయిదా అంతే ఉంది కదా, నీకెందుకు కంగారు?" అన్నారు మావారు. ఊరుకోబుద్ధి కాక మర్నాడు ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. "వడ్డీ తొమ్మిదిన్నర శాతానికి పెరిగిందమ్మా. వాయిదా పెంచితే మీకు భారమని గడువు పెంచాం. మెసేజ్ కూడా వచ్చి ఉంటుంది" అన్నారక్కడ. మెసేజ్ నిజంగానే వచ్చింది. చూసినవాళ్ళెవరు?

వంటనూనెకీ ఇంటి అప్పుకీ చుట్టరికం

వడ్డీ ఎందుకు పెరిగిందో తెలుసుకుంటే ఆశ్చర్యమేసింది. 2022లో రష్యా, ఉక్రెయిన్ల యుద్ధం మొదలయ్యాక పొద్దుతిరుగుడు నూనె ధర ఎలా మండిపోయిందో మనందరికీ గుర్తే. మనకి ఆ నూనె ఎక్కువగా వచ్చేది ఆ దేశాల నుంచే. పెట్రోలు సంగతీ అంతే. ఆ ఏప్రిల్‌లో దేశంలో ధరల పెరుగుదల 7.79 శాతానికి చేరింది. అది 4 శాతం దగ్గర ఉండాలి, అటూ ఇటూ 2 శాతం దాటకూడదు అన్నది రిజర్వు బ్యాంకుకి ప్రభుత్వం పెట్టిన లక్ష్యం.

బ్యాంకులకి రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీని రెపో రేటు అంటారు. దాన్ని నిర్ణయించేది ఆరుగురు సభ్యుల కమిటీ. ఆ రేటు పెంచితే బ్యాంకులూ వడ్డీ పెంచుతాయి. అప్పు ఖరీదైతే కొనేవాళ్ళు కాస్త ఆగుతారు, గిరాకీ తగ్గి ధరలు నెమ్మదిస్తాయి. అదీ ఉపాయం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల ఆరుసార్లు పెంచి, 4 శాతమున్న రెపో రేటుని 6.5కి తెచ్చారు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఇంటి అప్పుల్లో మారే వడ్డీ ఉన్నవాటిని రెపో రేటు లాంటి బయటి రేటుకి ముడిపెట్టారు. అందుకే మా ఇంటి అప్పు మీదా ఆ రెండున్నర శాతం వచ్చి పడింది.

అదే సమయంలో మా అత్తయ్యగారి ఫిక్సెడ్ డిపాజిట్ మీదా వడ్డీ పెరిగింది. ఒకే ఇంట్లో ఆవిడకి లాభం, మాకు నష్టం!

కాగితం, పెన్సిలు పట్టుకుంటే...

అప్పటికి మాకు మిగిలిన అసలు 14 లక్షల పైచిలుకు. తొమ్మిదిన్నర శాతం చొప్పున నెలకి వడ్డీయే 11 వేలు దాటుతోంది. మేం కట్టే 13,482లో అసలుకి జమయ్యేది 2,350 మాత్రమే! ఇక గడువు పెరక్కేం చేస్తుంది?

అదనంగా పడ్డ వాయిదాలు 65. అంటే 8 లక్షల 76 వేలు. అదీ మావారి జీతం ఆగిపోయాక కట్టాల్సిన డబ్బు. అలా కాకుండా పాత గడువుకే తీర్చాలంటే వాయిదా ఎంత పెంచాలని అడిగాం. నెలకి 2,250 అన్నారు. పదమూడేళ్ళకీ కలిపి మూడున్నర లక్షలు. మూడున్నర ఎక్కడ, ఎనిమిదీ ముప్పావు ఎక్కడ!

గాజుల కోసం వేద్దామనుకున్న కొత్త చీటీ మానేశాను. ఆ డబ్బు వాయిదాలో కలిపాం. మనసు చివుక్కుమన్న మాట నిజమే. కానీ ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపట్టింది.

2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోపల రెపో రేటుని నాలుగుసార్లు తగ్గించి 5.25కి తెచ్చారు. మా వడ్డీ కూడా దిగింది. మేం మాత్రం వాయిదా తగ్గించుకోలేదు. కడుతున్నంతా కడుతుంటే వడ్డీకి పోయేది తగ్గి, అసలు తొందరగా కరుగుతుంది. ఈసారి గడువు తగ్గడం మొదలైంది!

మీరూ ఇవి చూసుకోండి

• మీ అప్పు మారే వడ్డీదా, మారని వడ్డీదా కనుక్కోండి. మారనిదైతే రెపో రేటుతో మీకు బెంగ లేదు.

• వాయిదా ఎంత అన్నదొక్కటే కాదు, ఇంకా ఎన్ని మిగిలాయో కూడా చూడండి. మూడు నెలలకోసారైనా ఈ వివరాలన్నీ తెలిసేలా స్టేట్‌మెంటు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

• వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంతా అన్నది ఎంచుకునే వీలు మీకివ్వాలని కూడా ఆ ఆదేశంలోనే ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

• బోనసో, పంట డబ్బో చేతికొస్తే కొంత అసలుకి కట్టేయండి. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పుని ముందుగా తీరిస్తే బ్యాంకు జరిమానా వేయకూడదని 2012లోనే చెప్పారు.

ఇప్పుడు ఇంటి అప్పు లెక్క కూడా నా పుస్తకంలోకి ఎక్కింది, పాల లెక్క పక్క పేజీలోనే. మూణ్ణెల్లకోసారి మావారే అడుగుతున్నారు, "ఇంకా ఎన్ని వాయిదాలోయ్?" అని!